బస్సు నుదుటి మీద ఉండే బోర్డు విమాన టికెట్‌కు ఎందుకు ఉండదు?

సంపాదకులు గారికి,

నమస్కారం. విజయవాడ గవర్నర్‌పేటలో 1996 నుంచి ట్రావెల్ ఏజెన్సీ నడుపుతున్నాను. వెనక ఎర్ర కార్బన్ పూసిన టికెట్ పుస్తకం మీద బాల్ పెన్ను గట్టిగా నొక్కి పేర్లు రాసిన రోజుల నుంచి, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపే ఈ రోజుల దాకా ఇదే కుర్చీలో కూర్చున్నాను. పేరున్న పెద్ద విమాన సంస్థ తానే ఒక చౌక విమాన సంస్థను పెట్టి, దేశంలోని రూట్లను ఒక్కొక్కటిగా దానికి అప్పగించడం గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. ఆ వార్తల్లో ఎంతసేపూ కంపెనీకి ఎంత మిగులుతుంది, మార్కెట్‌లో వాటా ఎంత పెరుగుతుంది అనే లెక్కలే ఉంటాయి. టికెట్ కొన్న మనిషికి ఏం జరుగుతుందో ఎవరూ రాయడం లేదు. నాకు తెలిసింది అదే కాబట్టి రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందటి సంగతి. సంస్థ పేరు రాయను, ఈ ఉత్తరం ఏ ఒక్క సంస్థ మీదా ఫిర్యాదు కాదు. గుడివాడ దగ్గర పల్లెటూళ్లో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకాయన, ఆయన భార్య ముంబైలో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరారు. కోడలికి ఏడో నెల. మాస్టారు నా దగ్గరికి వచ్చి కూర్చుని ఒకటే మాట అన్నారు. "నాలుగు రాళ్లు ఎక్కువైనా ఫర్వాలేదు బాబూ, మంచి కంపెనీ చూడు. మీ పిన్నిగారికి మోకాళ్ల నొప్పులు, నాకు షుగరు."

హైదరాబాద్ నుంచి ముంబైకి ఆయనకు కుదిరే టైములో పెద్ద కంపెనీ పేరుతో ఒక విమానం కనపడింది. కంపెనీ గుర్తు, విమానం నంబరు ముందుండే కోడ్ అన్నీ దానివే. కింద చీమతలకాయంత అక్షరాల్లో మాత్రం, ఈ విమానాన్ని నడిపేది దాని చౌక సంస్థ అని ఉంది. ఆ వాక్యం నేను చదివాను. చదివి కూడా, యజమాని ఒక్కడే కదా, తేడా ఏముంటుందిలే అనుకుని టికెట్ కొట్టేశాను. ఆ తప్పు నాది. ఇవాళ్టికీ నన్ను బాధపెడుతుంది.

శంషాబాద్ కౌంటర్ దగ్గర పెట్టె తూకం వేస్తే ఎనిమిది కిలోలు ఎక్కువ వచ్చింది. అంతకుముందు ఏడాది పెద్ద కంపెనీలో వెళ్లొచ్చిన పక్కింటివాళ్లు చెప్పిన లెక్కతో వీళ్లు సామాను సర్దుకున్నారు. ఎక్కువైన బరువుకు కట్టమన్న డబ్బు వింటే మాస్టారికి నోట మాట రాలేదట. మోకాళ్లు వంగని ఆ తల్లి అక్కడే నేల మీద కూలబడి పెట్టె తెరిచింది. మీద కోడలికి కొన్న చీర. దాని కింద సున్నుండల స్టీలు డబ్బా, పుట్టబోయే బిడ్డ కోసం పాత నూలు చీరలు చింపి కుట్టిన పక్కగుడ్డలు, పంచెలో చుట్టి తాడు కట్టిన ఆవకాయ డబ్బా. వెనక లైన్లో జనం. ఏది తియ్యాలి? పక్కగుడ్డలు చేతిసంచిలో కుక్కింది. ఆవకాయలో నూనె ఉంటుంది కాబట్టి చేతిసంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ వాళ్లు పోనివ్వరని కౌంటర్‌లో అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, కసురుకోనూ లేదు. ఆమె చేతిలో ఏమీ లేదు. ఆవకాయ డబ్బా కౌంటర్ పక్కనే వదిలేసి, మిగిలిన బరువుకు డబ్బు కట్టి వెళ్లారు.

అంతటితో అయిపోలేదు. పెద్ద కంపెనీ కదా, భోజనం పెడతారని మాస్టారు ఇన్సులిన్ వేసుకుని విమానం ఎక్కారు. ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకు తెచ్చి ఇచ్చారు. మిగతావాళ్లు కొనుక్కోవాలి. బండి వీళ్ల వరస దాకా వచ్చేసరికి తినడానికి పనికొచ్చేది ఏదీ మిగల్లేదు. చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే పక్క సీటు కుర్రాడు తన సంచిలోని బిస్కెట్ ప్యాకెట్ తీసి ఇచ్చాడట. ఆ కుర్రాడెవరో కానీ, ఆయన్ని నిలబెట్టింది అతనే.

తిరుగు ప్రయాణం ఇంకా దారుణం. ముంబైలో టెర్మినల్ 1 శాంతాక్రజ్ వైపు ఉంటుంది, టెర్మినల్ 2 సహార్ వైపు. రెండింటి మధ్యా రన్‌వే ఉంది కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి చుట్టూ రోడ్డు మీద తిరిగి వెళ్లాలి. కొడుకు ఆఫీసులో ఉండి క్యాబ్ బుక్ చేశాడు. డ్రైవర్ ఏ కంపెనీ అని అడిగితే మాస్టారు టికెట్ మీద పైన ఉన్న పెద్ద పేరే చెప్పారు. డ్రైవర్ ఆ కంపెనీ టెర్మినల్ దగ్గర దింపి వెళ్లిపోయాడు. గేటు దగ్గర జవాను టికెట్ చూసి, మీ విమానం ఇక్కడి నుంచి కాదు, అవతలి టెర్మినల్ నుంచి అన్నాడు. మళ్లీ ట్యాక్సీ, ముంబై ట్రాఫిక్, ఒకటే టెన్షన్. వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. మా భాషలో దాన్ని నో షో అంటాం. అంటే ప్రయాణికుడు రానట్టు లెక్క. పన్నుల భాగం తప్ప టికెట్ డబ్బు తిరిగి రాదు. ఇంకో విమానానికి అప్పటికప్పుడు కొన్న రెండు టికెట్లకు, మొదట రానూపోనూ కట్టినదాని కంటే ఎక్కువైంది.

నేను సంస్థకు మెయిల్ పెట్టాను. వివరాలన్నీ టికెట్ మీద రాసే ఉన్నాయని జవాబు వచ్చింది. నిజమే, రాసే ఉన్నాయి. మాస్టారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే బాబూ" అన్నారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు అంత బాధ అనిపించేది కాదు.

సంపాదకులు గారూ, మా పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో ఒక గంట నిలబడి చూడండి. బస్సుల్లో ఎక్కువ భాగం ఒకే ఆర్టీసీవి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఇంద్ర, అమరావతి. ఒక్కోదానికి ఒక్కో రంగు, ఒక్కో చార్జీ, నుదుటి మీద తెలుగులో ఇంతింత అక్షరాలతో పేరు. చదువురాని ముసలమ్మ కూడా రంగు చూసి తనకు కావాల్సిన బస్సు ఎక్కుతుంది. అమరావతి అనుకుని పల్లెవెలుగు ఎక్కిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. పల్లెవెలుగు నడపడం నామోషీ అని ఆర్టీసీ ఎప్పుడూ అనుకోలేదు, ఏసీ బస్సు పేరు చూపించి పల్లెవెలుగు టికెట్ అమ్మనూ లేదు. నేను విమాన సంస్థలను అడిగేది ఇంతే.

చౌక విమానాలంటే నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. 2003లో కెప్టెన్ గోపీనాథ్ గారి ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి గన్నవరానికి మొదటి విమానం వేసిన రోజు దండలు పట్టుకుని ఎదురుచూసిన వాళ్లలో నేనూ ఉన్నాను. వెంకయ్యనాయుడు గారు కూడా ఆ విమానంలోనే ఉన్నారు. బేగంపేటలో బయల్దేరుతుండగానే ఇంజన్‌కు నిప్పంటుకుంది. అందరూ క్షేమంగా దిగారన్న కబురు వచ్చేదాకా మాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఇక ఈ కంపెనీ పని అయిపోయిందనుకున్నాం, కానీ అది నిలబడింది. తరవాతి నాలుగేళ్లలో, అంతకుముందు విమానం మెట్లు తొక్కని వాళ్లకు నా చేత్తో ఎన్ని వందల టికెట్లు కొట్టానో లెక్కలేదు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మను ఆ కంపెనీ తన గుర్తుగా పెట్టుకుంది. తిండి కావాలంటే కొనుక్కోవాలి, ఆలస్యమైతే కాస్త ఓర్చుకోవాలి అని అందరికీ ముందే తెలుసు. ఇంటి నుంచి పులిహోర పొట్లం కట్టుకుని ఎక్కేవాళ్లు. ఎవరూ మోసపోయామని నా దగ్గరికి రాలేదు.

2007లో కింగ్‌ఫిషర్ అందులో వాటా కొన్నది. సామాన్యుడి మీద ప్రేమతో కొన్నారని నేను అప్పుడూ అనుకోలేదు. విదేశాలకు విమానం వెయ్యాలంటే దేశంలో అయిదేళ్లు నడిపి ఉండాలి, ఇరవై విమానాలు ఉండాలి అనే నిబంధన అప్పట్లో ఉండేది. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్‌కు ఆ అయిదేళ్లు నిండలేదు. 2003లో మొదలైన డెక్కన్‌కు 2008కల్లా నిండుతాయి. 2008 సెప్టెంబరులో బెంగళూరు నుంచి లండన్‌కు కింగ్‌ఫిషర్ విమానం లేచింది. ఇక్కడ డెక్కన్ పేరు పోయి కింగ్‌ఫిషర్ రెడ్ వచ్చింది. రంగు ఎరుపే, పేరూ దాదాపు అదే. మా కౌంటర్ దగ్గర "ఇది అసలు కింగ్‌ఫిషరేనా?" అని అడగనివాడు లేడు. 2011లో చౌక విమానాలు మాకొద్దని కింగ్‌ఫిషర్ యజమాని మాల్యా గారు రెడ్‌ను ఎత్తేశారు. మరుసటి ఏడాది అక్టోబరుకు మొత్తం సంస్థే ఆగిపోయింది.

జెట్ ఎయిర్‌వేస్‌ది ఇంకో దారి. 2007లో ఎయిర్ సహారాను 1,450 కోట్లకు కొని జెట్‌లైట్ అని పేరు పెట్టారు. 2009 మేలో, వ్యాపారం పడిపోయి సీట్లు ఖాళీగా పోతున్నప్పుడు, కనెక్ట్ అని ఇంకోటి మొదలుపెట్టారు. అంటే ఒకే ఇంటికి మూడు పేర్లు. కనెక్ట్‌కూ పెద్ద జెట్‌కూ కోడ్ ఒకటే. ఏది భోజనం ఉన్న విమానమో, ఏది లేనిదో నంబరు చూసి మేమే పోల్చుకోవాల్సి వచ్చేది. పాతికేళ్ల అనుభవం ఉన్న ఏజెంట్లే తడబడేవాళ్లు, ఇక ప్రయాణికుడి సంగతి చెప్పాలా? జనంలో ఈ అయోమయం పోవాలనే అన్నీ కలిపి మళ్లీ ఒకే పేరు పెడుతున్నామని 2014లో జెట్ వాళ్లే ప్రకటించారు. 2019 ఏప్రిల్ 17న ఆ ఒక్క పేరూ పోయింది. ఆ రాత్రి నా దగ్గర టికెట్లు కొన్నవాళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను.

ఈ అయోమయం వల్ల నష్టపోయేది ప్రయాణికుడొక్కడే కాదని ఇందుకే అంటున్నాను. చౌక విమానం చౌకగా ఎలా నడుస్తుందో చూడండి. అన్నీ ఒకే రకం విమానాలుంటాయి. ముందు వెడల్పు సీట్లు ఉండవు, అదే విమానంలో ఇరవై ముప్ఫై మంది ఎక్కువ పడతారు. వంట సామాను ఎక్కించే పని తక్కువ. దిగిన అరగంటలో మళ్లీ లేస్తుంది. ఇవన్నీ విడిగా, శ్రద్ధగా చేస్తేనే ఖర్చు తగ్గుతుంది. అలా కాకుండా పెద్ద సంస్థ పైలట్లతో, పెద్ద సంస్థ ఆఫీసులతో, పెద్ద సంస్థ విమానాలనే నడుపుతూ భోజనం ఒక్కటి తీసేస్తే ఖర్చు ఏం తగ్గుతుంది? టికెట్ ధర తగ్గుతుంది, ఖర్చు అలాగే ఉంటుంది. పెద్ద విమానం ఎక్కాల్సినవాడు కూడా చిన్నదానికే పోతాడు. అమెరికాలో డెల్టా వాళ్లు 2003లో సాంగ్ అని పెట్టి మూడేళ్లకు మూసేశారు. యునైటెడ్ వాళ్లు 2004లో టెడ్ అని పెట్టారు, అదీ అయిదేళ్లకే పోయింది. అదే 2004లో ఆస్ట్రేలియాలో క్వాంటాస్ పెట్టిన జెట్‌స్టార్ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. దాని పేరులో క్వాంటాస్ అన్న మాట లేదు, రంగు వేరు, ప్రధాన కార్యాలయం కూడా సిడ్నీలో కాకుండా మెల్‌బోర్న్‌లో పెట్టారు. మెల్‌బోర్న్‌లో ఉండే మన పిల్లలు తల్లిదండ్రులకు టికెట్ తీసేటప్పుడు ఏది కొంటున్నారో తెలిసే కొంటారు.

ఇప్పుడు మన దేశంలో సంగతి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వచ్చింది. దాంతో వాళ్ల ఇంట్లో నాలుగు విమాన సంస్థలయ్యాయి. పాత ఎయిర్‌ఏషియా ఇండియాను 2024 అక్టోబరు 1న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిపారు. అదే ఏడాది నవంబరు 12న విస్తారాను ఎయిర్ ఇండియాలో కలిపారు. ఇప్పుడు ఒకటి భోజనం లాంటివి టికెట్‌లోనే కలిసి ఉండే ఫుల్ సర్వీస్, ఒకటి చౌక. ఈ సర్దుబాటు నాకు నచ్చింది. నాలుగు పేర్ల కంటే రెండు నయం. ఎక్స్‌ప్రెస్ కొత్తదేమీ కాదు, 2005లో కేరళ నుంచి గల్ఫ్‌కు మొదలైంది. మన కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే వాళ్లకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన పేరు. కానీ గల్ఫ్ ప్రయాణికుడికి తెలిసినట్టు, ఇక్కడి నుంచి బెంగళూరో ఢిల్లీయో మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు రెండు పేర్లకూ తేడా తెలియదు. చివర ఒక్క మాటే కదా ఎక్కువ! పైగా ఈ చౌక టికెట్లలోనే మళ్లీ రకాలు. పెట్టె లేకుండా చేతిసంచితో మాత్రమే వెళ్లేవాళ్లకు ఇంకా తక్కువ ధర. తెలిసి కొనే కుర్రాళ్లకు అది మంచిదే, నేనే వాళ్లకు అది చూపిస్తాను. మరోపక్క పెద్ద ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు 25 కిలోలు తీసుకెళ్లనిచ్చేవారు. 2024 నుంచి అన్నిటికంటే తక్కువ ధర టికెట్‌కు 15కు తగ్గించారు. కాబట్టి పెద్ద కంపెనీ అంటే ఇన్ని కిలోలు, చిన్న కంపెనీ అంటే ఇన్ని అని నోటిలెక్కగా చెప్పే రోజులు కూడా పోయాయి. టికెట్ టికెట్‌కూ చూసుకోవాల్సిందే.

నా స్వార్థం కూడా దాచను. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఏజెంట్‌కు 9 శాతం కమిషన్ వచ్చేది. తగ్గుతూ తగ్గుతూ 2008లో సున్నా అయింది. ఇప్పుడు టికెట్‌కు ఇంత అని ప్రయాణికుడి దగ్గర తీసుకుంటేనే మాకు గడుస్తుంది. అంతా ఫోన్‌లో తేలిగ్గా అర్థమైతే నా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా తగ్గుతారు. తగ్గనివ్వండి. ఇంకో మాస్టారు విమానంలో చెమటలు పట్టి కూర్చోవడం కంటే అదే నయం.

విమాన సంస్థలకూ, పౌర విమానయాన శాఖకూ, విమాన సంస్థలను అదుపులో ఉంచే డీజీసీఏకూ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. విమానాన్ని నిజంగా నడిపే సంస్థ పేరు, టికెట్ ధర ఎంత సైజులో ఉంటుందో అంతే సైజులో, డబ్బు కట్టకముందే మొదటి స్క్రీన్ మీదే కనపడాలి. పక్కనే ఎన్ని కిలోలు, భోజనం ఉందా లేదా, ఏ టెర్మినల్ అన్నవి కూడా ఉండాలి. గన్నవరం, రాజమండ్రి, తిరుపతి, కడప, విశాఖ, శంషాబాద్ నుంచి బయల్దేరే వాళ్లకు ఈ ముక్కలు తెలుగులో మెసేజ్‌గా రావాలి. ఎన్నో మెసేజ్‌లు తెలుగులో పంపగలిగినప్పుడు ఇది కష్టమేమీ కాదు. మరీ ముఖ్యమైనది ఇంకోటి. పెద్ద సంస్థ టికెట్ కొన్న తరవాత ఆ విమానాన్ని చౌక సంస్థకు మారిస్తే, ప్రయాణికుడిని అడగాలి. ఒప్పుకుంటే ధరలో తేడా తిరిగి ఇవ్వాలి, ఒప్పుకోకపోతే పైసా కొయ్యకుండా మొత్తం ఇచ్చెయ్యాలి. షెడ్యూల్ మారింది అని రెండు ముక్కల మెసేజ్ పంపి చేతులు దులుపుకోకూడదు.

మాస్టారి సంగతి జరిగినప్పటి నుంచి నేను పీడీఎఫ్ ఒక్కటే పంపి ఊరుకోవడం లేదు. పెద్దవాళ్లకైతే ప్రింటు తీసి, పైన ఖాళీలో ఎర్ర పెన్నుతో తెలుగులో రాసి ఇస్తున్నాను. విమానం ఈ కంపెనీది. పెట్టె 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. ఆవకాయ, నెయ్యి పెట్టెలోనే పెట్టాలి. భోజనం లేదు, ఇంటి నుంచి తెచ్చుకోండి. డ్రైవర్‌కు చెప్పాల్సింది టెర్మినల్ 1. ఒక్కో టికెట్‌కు నాకు రెండు నిమిషాలు పడుతుంది.

ఇట్లు,
ఒక ట్రావెల్ ఏజెంట్,
గవర్నర్‌పేట, విజయవాడ.